కార్వెట్ ఒంటి మీద ట్యూబ్‌లైటు

పోయిన సంచికలో దుకాణాల్లో బార్‌కోడ్ ఎలా పనిచేస్తుందో రాశాక పిల్లల నుంచి ప్రశ్నలు బాగానే వచ్చాయి. వాటిలో ఒకటి నన్ను పట్టుకుని వదల్లేదు. క్లీవ్‌లాండ్ దగ్గర ఏడో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి రాసింది. వేసవిలో నాన్నతో కార్ షోకి వెళ్లిందట. అక్కడ ఒక ఎర్ర కార్వెట్ యజమాని దాని హుడ్‌ని, అంటే మన దేశంలో బానెట్ అంటామే దాన్ని, వేలితో తట్టి "ఇది ఇనుము కాదమ్మా, ప్లాస్టిక్" అన్నాడట. "అంకుల్, మా ఇంట్లో ప్లాస్టిక్ కుర్చీకి అడుగున గట్లు ఉన్నాయి. ఆ గట్టు ఉన్నచోట పైన సన్నగా పల్లం కనిపిస్తుంది. మరి కార్వెట్ అద్దంలా ఎలా ఉంది? అందులో నా మొహం కొంచెం కూడా వంకరపోలేదు" అని ప్రశ్న.

కుర్చీ మీద ఆ పల్లాన్ని చూసిన పిల్ల సగం ఇంజనీరు అయిపోయినట్టే. మనలో చాలామంది ఆ కుర్చీలో ఇరవై ఏళ్లు కూర్చుని కూడా దాన్ని చూసి ఉండం.

నేను చదివింది కంప్యూటర్లు, చేసేది సాఫ్ట్‌వేర్ కన్సల్టింగ్. ప్లాస్టిక్ గురించి నేనెందుకు మాట్లాడుతున్నానంటే, కొన్నేళ్ల కిందట ఒహాయోలో ఇలాంటి హుడ్‌లు అచ్చు పోసే ఒక ఫ్యాక్టరీలో ఎనిమిది నెలలు కాంట్రాక్టు చేశాను. ప్రెస్సుల మీద ఉండే సెన్సర్ల లెక్కల్ని డేటాబేసులోకి తేవడం నా పని. చెవుల్లో దూది, కాళ్లకి ఇనప బూట్లు, ముక్కుకి స్టైరీన్ వాసన. సాఫ్ట్‌వేర్ వాడికి అంతకన్నా మంచి బడి దొరకదు. అక్కడ విన్నదీ, తర్వాత పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నదీ కలిపి చెబుతాను. పిల్లలూ, మధ్యలో కాస్త కెమిస్ట్రీ వస్తుంది. భయపడకండి, అమ్మానాన్నలు కూడా చాలావరకు మర్చిపోయే ఉంటారు.

ముందు కారు కథ. 1953 జనవరిలో న్యూయార్క్ వాల్డార్ఫ్ ఎస్టోరియా హోటల్లో జనరల్ మోటార్స్ వాళ్లు కార్వెట్‌ని మొదటిసారి జనానికి చూపించారు. ఆ ఏడు మిషిగన్‌లోని ఫ్లింట్‌లో చేసినవి 300 కార్లే, అన్నీ తెలుపే. ఉక్కు రేకుని వంచే డైలు చెయ్యాలంటే బోలెడు డబ్బు, బోలెడు కాలం. ఇన్ని తక్కువ కార్లకి అది గిట్టదు. అందుకని గాజు పోగులకి పాలియెస్టర్ రెజిన్ పట్టించి ఒళ్లు తయారు చేశారు. తేలిక, తుప్పు పట్టదు. ఇక్కడ చలికాలంలో రోడ్ల మీద పోసే ఉప్పు మన కార్ల అడుగుభాగాన్ని ఏం చేస్తుందో మిడ్‌వెస్ట్‌లో ఉన్నవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. కానీ ఆ ఫైబర్‌గ్లాస్ ఒంటిని నున్నగా చెయ్యడానికి మనుషులు గంటల తరబడి పల్లాలు పూడ్చి, గట్లు అరగదీసి, మళ్లీ పూడ్చాల్సి వచ్చేది. చేతులు నొప్పెట్టిన కొద్దీ కారు నున్నబడేదన్నమాట.

ఇప్పటికీ కార్వెట్ ఒళ్లు ఉక్కు కాదు. 1981 నుంచి కెంటకీలోని బౌలింగ్ గ్రీన్‌లో తయారవుతోంది. పక్కనే మ్యూజియం ఉంది, నాష్‌విల్ వైపు వెళ్లే కుటుంబాలు ఓ పూట ఆగి చూడొచ్చు. 2014 ఫిబ్రవరిలో ఆ మ్యూజియం నేల కుంగి ఎనిమిది కార్వెట్‌లు గోతిలో పడ్డాయి. పిల్లలకి కార్లకన్నా ఆ గోతి కథే ఎక్కువ నచ్చుతుంది, మా వాళ్ల సంగతి నాకు తెలుసు.

ఇంతకీ ఆ ప్లాస్టిక్ ఏమిటి? దాన్ని షీట్ మోల్డింగ్ కాంపౌండ్ అంటారు. పొడుగు పేరు కాబట్టి ఫ్యాక్టరీలో అందరూ ఎస్.ఎం.సి. అంటారు, మనమూ అలాగే అందాం. పేరుకి ప్లాస్టిక్‌గానీ, బరువు చూస్తే అందులో దాదాపు సగం సున్నపురాయి పొడి! పిడుగురాళ్ల మీదుగా బస్సులో వెళ్లినవాళ్లకి సున్నపు బట్టీలు గుర్తుండే ఉంటాయి. ఆ రాతి జాతే. ఇంకో పావువంతు పైచిలుకు అంగుళం పొడుగు గాజు పోగులు. మిగిలింది రెజిన్, దానితోపాటు చిటికెడు చిటికెడు చొప్పున ఇంకొన్ని దినుసులు. మన పాత ఇళ్ల మట్టిగోడలకి మట్టిలో వరిగడ్డి తొక్కించి కలిపేవారు చూడండి, గోడ బీటలు వారకుండా. గాజు పోగుల పని అదే. కుమ్మరి బంకమట్టిలో ఇసుక కలుపుతాడు, కుండ ఆరేటప్పుడు పగలకుండా. సున్నపు పొడి పని కొంత అదే.

వీటిని కలిపి ముద్ద చేసి, రెండు పల్చటి ప్లాస్టిక్ పొరల మధ్య షీటులా పరిచి చాపలా చుట్టి పక్కన పెడతారు. కొన్ని రోజులు ఊరాక పొరలు ఒలిచి, ముక్కలు కోసి, వేడి ఉక్కు అచ్చులో పెట్టి ప్రెస్సుతో నొక్కుతారు. అచ్చు వేడి 150 డిగ్రీల సెల్సియస్ అటూ ఇటూ. ముద్ద కరిగి అచ్చంతా పాకి, రెండు మూడు నిమిషాల్లో రాయిలా గట్టిపడి హుడ్ అయి బయటికొస్తుంది. అట్టు తీసినంత తేలిగ్గా తీసేస్తారు.

ఇక్కడే చిక్కు. పాలియెస్టర్ రెజిన్ గట్టిపడేటప్పుడు కుదించుకుపోతుంది. ఎందుకో చెబుతాను. మన ఉగాది ఫంక్షన్ ఊహించుకోండి. హైస్కూలు హాల్లో రెండొందల మంది విడివిడిగా నిలబడి కబుర్లు చెప్పుకుంటున్నారు. హాలంతా నిండిపోయింది. ఇంతలో ఫొటోగ్రాఫర్ వచ్చి అందరూ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసి నిలబడండి అన్నాడు. అదే రెండొందల మంది, ఇప్పుడు సగం హాలు ఖాళీ. రెజిన్‌లో పాలియెస్టర్ గొలుసులు ఉంటాయి, వాటి మధ్య స్టైరీన్ అనే ద్రవం ఉంటుంది. వేడి తగలగానే స్టైరీన్ అణువులు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని, గొలుసుల మధ్య వంతెనలు కడతాయి. చేతులు పట్టుకోగానే దగ్గరవుతాయి. అన్నీ దగ్గరైతే చోటు మిగులుతుంది. ఉత్త రెజిన్ ఇలా గట్టిపడితే పరిమాణంలో సుమారు 7 నుంచి 10 శాతం తగ్గిపోతుంది.

రాయీ గాజూ కుదించుకుపోవు కదా. కాబట్టి ఎస్.ఎం.సి.లో మొత్తం మీద పొడవులో తగ్గేది వెయ్యింట రెండు మూడు వంతులే. నాలుగడుగుల హుడ్ మీద మూడు మిల్లీమీటర్ల లెక్క. అంతే కదా, అచ్చునే ఆ మూడు మిల్లీమీటర్లు పెద్దదిగా చేసుకుంటే పోలేదా అంటారేమో. అన్నిచోట్లా సమానంగా తగ్గితే పోయేది. తగ్గదు. గాజు పోగు ఉన్నచోట తగ్గదు, పోగుకీ పోగుకీ మధ్య రెజిన్ ఎక్కువున్నచోట తగ్గుతుంది. చిక్కిపోయిన మనిషి ఒంటి మీద పక్కటెముకలు తేలినట్టు, పోగులు పైకి తేలి కనిపిస్తాయి. అడుగున బలానికి గట్టు పెట్టినచోట సరుకు మందంగా ఉంటుంది, అక్కడ ఎక్కువ లాక్కుంటుంది, పైన పల్లం పడుతుంది. మన క్లీవ్‌లాండ్ అమ్మాయి కుర్చీలో చూసింది ఇదే. కుర్చీ ప్లాస్టిక్ వేరు, అక్కడ కుదింపుకి కారణం చల్లారడం. లాగుడు మాత్రం ఒకటే.

ఈ పల్లాలు వెంట్రుక మందం కూడా ఉండవు. వేలితో తడిమితే తెలియదు. కానీ పైన మెరిసే రంగు వేశాక కంటికి తెలిసిపోతుంది. అందుకే ఫ్యాక్టరీలో రంగు వేసిన హుడ్‌ల మీద వరసగా ట్యూబ్‌లైట్లు పెట్టి, వాటి నీడ హుడ్ మీద గీత గీసినట్టు నిటారుగా పడుతోందా, పాములా మెలికలు తిరుగుతోందా అని చూస్తారు. నిటారుగా పడితే దాన్ని క్లాస్ ఏ సర్ఫేస్ అంటారు. దీన్ని కొలవడానికి లేజర్ పరికరాలూ ఉన్నాయి. ఒహాయోలోని ఆష్‌లాండ్ కంపెనీ వాళ్లు తయారు చేసిన లోరియా అనే పరికరం ఈ రంగంలో అందరికీ తెలుసు. అయినా నేను పనిచేసిన చోట చివరి మాట ట్యూబ్‌లైటు కింద నిలబడే మనిషిదే.

మరి లాగుడు ఆపడం ఎలా? చాలా ఏళ్లు ఆపాలనే చూశారు. రెజిన్ తగ్గించారు, పొడి పెంచారు. పొడి మరీ ఎక్కువైతే ముద్ద పాకదు. అసలు దారి 1960ల చివర్లో ఫిలడెల్ఫియాలోని రోమ్ అండ్ హాస్ కంపెనీ రసాయన శాస్త్రవేత్తలకి దొరికింది. పాలియెస్టర్‌లో ఇంకో జాతి ప్లాస్టిక్‌ని, వేడికి మెత్తబడే రకాన్ని, కొద్దిగా కరిగించి కలిపారు. మొదట వాడింది అక్రిలిక్ జాతి, వాళ్లే అమ్మే ప్లెక్సిగ్లాస్‌కి దగ్గరి చుట్టం. తర్వాత యూనియన్ కార్బైడ్ వాళ్లు పాలీవినైల్ ఎసిటేట్ వాడి కుదింపుని దాదాపు సున్నాకి తెచ్చారు. అవును, మన భోపాల్ యూనియన్ కార్బైడే. పాలీవినైల్ ఎసిటేట్ అంటే ఏదో అనుకునేరు. ఫెవికాల్‌లో, ఇలాంటి తెల్ల జిగురుల్లో ఉండేది అదే! స్కూలు ప్రాజెక్టుకి అట్టలు అతికించే పదార్థపు అన్నదమ్ములే కార్వెట్ మొహాన్ని నున్నగా ఉంచుతున్నాయి. ఇలా కలిపే సరుకుని లో ప్రొఫైల్ ఎడిటివ్ అంటారు. 1973 మోడల్ నుంచి కార్వెట్ ఒంటికి ఎస్.ఎం.సి. వాడారు.

అది ఏం చేస్తుందో చూడండి, నాకు ఈ మొత్తం వ్యవహారంలో బాగా నచ్చిన భాగం ఇదే. మొదట అది స్టైరీన్‌లో చక్కగా కరిగి ఉంటుంది, ఎక్కడుందో కూడా తెలియదు. వేడెక్కి పాలియెస్టర్ గట్టిపడటం మొదలవగానే దానికి అక్కడ చోటు ఉండదు. చేతులు పట్టుకున్న జనం మధ్య నుంచి బయటికి నెట్టేసినట్టు, విడిపోయి చిన్న చిన్న గుంపులుగా చేరుతుంది. వేడికి ఆ గుంపులు ఉబ్బుతాయి. చుట్టూ పాలియెస్టర్ కుదించుకుపోతుంటే ఇవి లోపలి నుంచి ఎదురు తోస్తాయి. కాసేపటికి లాగుడు ఇంకా పెరుగుతుంది. అప్పుడు ఎక్కడో ఒకచోట తెగాలి. ఆ మెత్తటి గుంపుల్లో, వాటి అంచుల్లో తెగుతుంది. కంటికి కనపడని లక్షల లక్షల ఖాళీలు ఏర్పడతాయి. ఒక్కో ఖాళీ కొంచెం చోటు మింగుతుంది. లోపల అన్ని ఖాళీలూ కలిసి ఎంత చోటు తీసుకున్నాయో, బయట అంత కుదింపు తగ్గుతుంది. అచ్చుకి ఆనుకున్న చర్మం మాత్రం అచ్చుని వదలదు.

అంటే పాలియెస్టర్ అణువులు ఎప్పటిలాగే దగ్గరవుతున్నాయి, దాన్ని ఎవరూ ఆపలేదు. మొహం మీద కుదించుకుపోయేదాన్ని కడుపులో కుదించుకోమన్నారు. ఇడ్లీ కోసి చూస్తే లోపల బెజ్జాలున్నట్టే ఉంటుందిగానీ, ఇడ్లీలోవి గాలి ఉబ్బించిన బెజ్జాలు, ఇవి లాగుడుకి చిరిగిన బెజ్జాలు. ఆ తేడా ముఖ్యం, ఎందుకో ముందుకెళ్లాక తెలుస్తుంది.

ఇక ఫ్యాక్టరీ సంగతి. పేరు అనవసరం. మేము చేసేవి పెద్ద ట్రక్కుల హుడ్‌లు. హైవే మీద పొడుగు ముక్కుల ట్రక్కులు వెళుతుంటాయి చూడండి, ఆ ముక్కుల్లో చాలావాటికి వాడేది ఎస్.ఎం.సి.యే. నేను వెళ్లినప్పుడు అక్కడ తిరస్కరించే ముక్కల సంఖ్య కొన్ని వారాల్లో ఉన్నట్టుండి పెరిగేది, మళ్లీ తగ్గేది. రంగు వేశాక పారేసిన హుడ్ అంటే సరుకూ, ప్రెస్సు సమయమూ, రంగూ అన్నీ నష్టం. ఎస్.ఎం.సి.ని మళ్లీ కరిగించి పోయలేం. ఒకసారి గట్టిపడిందంటే ఉడికిన గుడ్డు లాంటిది. మీటింగుల్లో నింద ప్రెస్సు నడిపేవాళ్ల మీదికి వెళ్లేది. రెండో షిఫ్టులో ఇద్దరు కుర్రాళ్లని తీసేస్తారన్న మాట కాంటీన్‌లో తిరుగుతోంది.

నా డేటాబేసులో అచ్చు వేడి, ప్రెస్సు ఒత్తిడి, నొక్కిన సెకన్లు అన్నీ ఉన్నాయి. మంచి హుడ్‌కీ చెడ్డ హుడ్‌కీ ఆ అంకెల్లో తేడా లేదు. కుర్రాళ్లు చెప్పింది చెప్పినట్టే చేస్తున్నారు.

అక్కడ ముప్ఫయ్యేళ్లుగా పనిచేస్తున్న ఒక పెద్దాయన ఉండేవాడు. షీటు మీద పొర ఒలిచి, బొటనవేలితో నొక్కి, "ఇది ముదిరింది" అనో, "ఇంకా లేత" అనో అనేవాడు. మా అమ్మ అరిసెలకి పాకం పట్టేటప్పుడు పళ్లెంలో నీళ్లు పోసి, అందులో ఒక చుక్క వేసి, వేలితో ఉండ కట్టి చూసేది. అచ్చం అదే చూపు, అదే వేలు. పాకం లేతైతే అరిసె నూనెలో విడిపోతుంది, ముదిరితే రాయవుతుంది. షీటూ అంతే. ముద్ద చిక్కబడటానికి అందులో మెగ్నీషియం ఆక్సైడ్ వేస్తారు. అది రోజులు గడిచేకొద్దీ ముద్దని బిగిస్తూ పోతుంది. లేతగా ఉంటే అచ్చులో పల్చటి ముద్ద ముందు పరిగెత్తి గాజు పోగుల్ని వెనక వదిలేస్తుంది. ముదిరితే సరిగా పాకదు, గాలిని మూసేస్తుంది, మూలలకి చేరేలోపే గట్టిపడుతుంది. గదిలో తేమ ఎక్కువ తక్కువైనా ఈ పాకం తేదీలు మారిపోతాయి.

ఆయన ఒకరోజు నా స్క్రీను చూసి అడిగాడు, "ఇందులో షీటు పుట్టినరోజు ఉందా?" అని. లేదు. ఆ ఫ్యాక్టరీలో చుట్టలకి కాగితం మీద తేదీ రాసి అంటించేవారు. ఆ కాగితం ప్రెస్సు దాకా రాకముందే చెత్తబుట్టలోకి పోయేది. చుట్టలకి బార్‌కోడ్ అంటించి, ప్రెస్సు దగ్గర ఒక స్కానర్ పెట్టించాం. ఆరు వారాల లెక్కలు తీస్తే, పారేసిన హుడ్‌లలో పెద్ద భాగం లాంగ్ వీకెండ్‌ల తర్వాత వాడిన ముదురు చుట్టల నుంచి వచ్చినవే. పెద్దాయన ఆ గ్రాఫు చూసి ఏమీ అనలేదు, కాఫీ తెచ్చుకోవడానికి వెళ్లిపోయాడు. ఏళ్లుగా ఆయన చెబుతున్నది ఎవరూ రాసుకోలేదు, అంతే. కుర్రాళ్లిద్దరి ఉద్యోగాలూ నిలిచాయి. చుట్టల్ని వరుస ప్రకారం వాడటం మొదలైంది.

తిరస్కరణలు మొత్తం పోలేదు. మిగిలినవి ఎక్కువగా ఒకే చోట, ఒక గట్టు మొదట్లో వచ్చేవి. అది అచ్చు డిజైన్ సంగతి. గట్టు ఎంత మందం ఉండాలి, షీటు ముక్కలు అచ్చులో ఎక్కడ పేర్చాలి, కనపడే వైపు అచ్చుని రెండోదానికన్నా ఎన్ని డిగ్రీలు వేడిగా ఉంచాలి, ఇవన్నీ అక్కడి ఇంజనీర్లు రోజూ తర్జనభర్జన పడేవారు. నాకు అర్థమైనంతలో, నున్నదనం ఒక్క మందుతో రాదు. జిగురు చుట్టం ఎంత బాగా పనిచేసినా, పాకం తప్పినా అచ్చు తప్పినా అది కాపాడలేదు.

ఇప్పుడు ఆ చిరిగిన బెజ్జాల దగ్గరికి వద్దాం. అవి ఊరికే రావు, ధర పుచ్చుకునే వస్తాయి. మొదటిది, సరుకు తెల్లబడుతుంది. కొట్టిన మంచుగడ్డ తెల్లగా కనపడటానికి కారణమేదో దీనికీ అదే, లోపలి ఖాళీలు వెలుతుర్ని చెదరగొడతాయి. అందుకే ముద్దలోనే నలుపో నీలమో కలిపి రంగు వెయ్యకుండా వదిలేద్దామంటే కుదరదు, మసక మసకగా మచ్చలు మచ్చలుగా వస్తుంది. పైన రంగు వెయ్యాల్సిందే. రెండోది, రంగు వేశాక ఓవెన్‌లో కాల్చేటప్పుడు లోపల చిక్కుకున్న గాలి బయటికి తన్నుకొచ్చి, రంగులో సూదిమొన అంత గుంట చేస్తుంది. పెయింట్ పాప్ అంటారు దాన్ని, ఈ పరిశ్రమకి అదొక పెద్ద తలనొప్పి. అచ్చులో ఉండగానే పైన ఒక పూత ఎక్కించడం, తేలిగ్గా పగలని గట్టి రెజిన్‌లు వాడటం లాంటివి చేసి 2000 తర్వాతి ఏళ్లలో దాన్ని చాలావరకు తగ్గించారు. మూడోది, ఖాళీలు ఎక్కువైతే బలం తగ్గుతుంది. ఎంత నున్నదనానికి ఎంత బలం ఇచ్చుకోవాలో ప్రతి కంపెనీ తన బేరం తాను ఆడుకుంటుంది.

ఇంకో ధర మనుషులు కట్టేది. స్టైరీన్ ఆవిరి మంచిది కాదు. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన కేన్సర్ పరిశోధన విభాగం దాన్ని మనుషులకి కేన్సర్ కలిగించే అవకాశం ఉన్న పదార్థాల జాబితాలో ఒక మెట్టు పైకి చేర్చింది. మంచి ఫ్యాక్టరీల్లో గాలి లాగే ఫ్యాన్లు, కొలిచే మీటర్లు ఉంటాయి. లేనిచోట ఎవరి ఊపిరితిత్తులు నున్నదనానికి ధర కడుతున్నాయో ఆలోచించాలి.

దేశం వెళ్లినప్పుడు ఇదే సరుకుని వేరే వేషంలో చూడొచ్చు. ఇళ్ల గోడల మీద, కరెంటు స్తంభాల మీద బూడిదరంగు మీటరు పెట్టెలు ఉంటాయి కదా, వాటిలో చాలా ఎస్.ఎం.సి.తో చేసినవే. కరెంటు పారదు, తుప్పు పట్టదు, మంటకి తొందరగా అంటుకోకుండా వేరే పొడి కలుపుతారు. వాటికి క్లాస్ ఏ అక్కర్లేదు, ట్యూబ్‌లైటు నీడ ఎలా పడితే ఎవడికి కావాలి? కాకినాడ, మచిలీపట్నం వైపు సముద్రపు ఒడ్డున ఫైబర్ బోట్లు కనిపిస్తాయి. అవీ గాజు, పాలియెస్టర్లే, కాకపోతే ప్రెస్సు లేదు, వేడి అచ్చు లేదు. అచ్చుకి ముందు రంగుపూత రాసి, గాజు చాపలు పరుస్తూ, బ్రష్షుతో రెజిన్ పట్టిస్తారు. బోటు పక్కన ఒంగుని చూస్తే చాపల జాడలు పైకి లీలగా కనిపిస్తాయి. లో ప్రొఫైల్ మందు అక్కడ వేసినా పెద్దగా ఫలితం ఉండదు. దానికి 150 డిగ్రీల వేడి కావాలి, గుంపులు ఉబ్బాలి, అప్పుడే ఎదురు తోస్తుంది. ఒడ్డున ఎండకి అంత వేడి ఎక్కడిది! చేపలకీ అభ్యంతరం లేదనుకోండి.

పోయిన పాట్‌లక్‌లో ఒక స్నేహితుడు నన్ను పక్కకి లాగాడు. వాళ్లమ్మాయికి యూనివర్సిటీ ఆఫ్ ఏక్రన్‌లో పాలిమర్ చదవాలని ఉంది. "అన్నయ్యా, నువ్వైనా చెప్పు. హాయిగా కంప్యూటర్ సైన్స్ తీసుకోమను. ప్లాస్టిక్ చదివి ఏం చేస్తుంది?" అన్నాడు. నేను చెప్పలేదు. 2009లో డెట్రాయిట్‌లో కంపెనీలు కుప్పకూలినప్పుడు నా కంప్యూటర్ ఉద్యోగమూ పోయింది, పక్క గదిలో మెకానికల్ వాడిదీ పోయింది. ఏ చదువూ హామీ పత్రం రాసివ్వదు. ఏక్రన్ రబ్బరు ఊరు, టైర్ల ఊరు. పాలిమర్ చదవడానికి ఈ దేశంలో పేరున్న చోట్లలో ఒకటి. మసాచుసెట్స్‌లోని లోవెల్‌లో ప్లాస్టిక్స్ ఇంజనీరింగ్ అనే డిగ్రీయే ఇస్తారు. ఎస్.ఎం.సి.ని మళ్లీ వాడటం ఎలాగో ఇప్పటికీ సరైన దారి లేదు, పొడి చేసి కొత్త ముద్దలో కొంచెం కలపడం తప్ప. స్టైరీన్ లేకుండా చెయ్యడం మీద పరిశోధనలు జరుగుతున్నాయి. ఇంత పని మిగిలి ఉన్నచోటికి ఒక పిల్ల తానే వెళతానంటే అడ్డుపడటం నాకు అర్థం కాదు. స్నేహితుడు ఆ సాయంత్రం నాతో మళ్లీ మాట్లాడలేదు, పులిహోర మాత్రం పంపించాడు.

సరే పిల్లలూ, మీకు పని. ఇంటి వెనక బంకమట్టి దొరికితే రెండు బిళ్లలు చెయ్యండి, ఒకే కొలత. ఒకదాంట్లో పావువంతు ఇసుక కలపండి, రెండోది ఉత్త మట్టి. వారం రోజులు నీడలో ఆరనిచ్చి స్కేలుతో కొలవండి. మట్టి కుదించుకుపోయేది నీళ్లు పోవడం వల్ల, రెజిన్‌లా చేతులు పట్టుకుని కాదు. కానీ ఇసుక ఏం చేస్తుందో తెలుస్తుంది.

రెండో పని ఇండియన్ స్టోర్ పార్కింగ్ లాట్‌లో. హోండా రిడ్జ్‌లైన్ గానీ, 2005 తర్వాతి టొయోటా టకోమా గానీ కనిపిస్తే, వెనక సామాన్లు పెట్టే తొట్టి చూడండి. అది కూడా ఎస్.ఎం.సి.యే, నున్నదనం అక్కర్లేని రకం. తర్వాత రాత్రిపూట, లైటు స్తంభం కింద, రకరకాల కార్ల హుడ్‌ల మీద ఆ లైటు నీడ ఎలా పడుతుందో పక్కకి ఒంగి చూడండి. ఉక్కు కార్లలోనూ మెలికలు కనిపిస్తాయి, ఆశ్చర్యపోకండి. ఎవరి కారునీ ముట్టుకోవద్దు, అలారం మోగితే నా పేరు చెప్పొద్దు. ఏ కారు మీద నీడ ఎంత వంకరపోయిందో రాసి పంపండి. వచ్చే సంచికలో మైక్రోవేవ్‌లో సమోసా ఎందుకు మెత్తబడుతుందో చూద్దాం, అది డాలస్ నుంచి ఇద్దరు అన్నదమ్ములు అడిగిన ప్రశ్న.